ఫ్లైట్ లేటైతే వోచర్ కాగితం మీద సంతకం పెట్టకండి

జర్మనీకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది రాస్తున్నాను.

మొన్న మాస్టర్స్ చదివే గుంటూరు కుర్రాడొకడు సెలవులకు ఇంటికి బయలుదేరాడు. విమానంలో ఏదో సాంకేతిక లోపమని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడు గంటలు కూర్చోబెట్టారు. కౌంటర్‌లో 150 యూరోల ట్రావెల్ వోచర్, అంటే మళ్లీ టికెట్ కొనడానికే పనికొచ్చే కూపన్, చేతిలో పెడితే, థాంక్స్ చెప్పి సంతకం పెట్టేశాడు. వాడు అడగాల్సింది 600 యూరోలు. వినగానే నాకు కడుపు మండిపోయింది. నా మొదటి చలికాలంలో నేనూ ఇలాగే ఎయిర్‌పోర్టు కుర్చీల్లో తెల్లవార్లూ జాగారం చేశాను. కాఫీ ఇప్పించాల్సిన బాధ్యత కూడా వాళ్లదేనని చెప్పేవాళ్లు లేరు.

ఈయూలో, అంటే యూరోపియన్ యూనియన్‌లో, ఫ్లైట్ లేటైతే ప్రయాణికులకు ఏమివ్వాలో చెప్పే 261/2004 అనే నిబంధన ఉంది. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి. ఇక్కడి నుంచి బయలుదేరితే ఏ దేశపు ఎయిర్‌లైన్‌కైనా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి ఇటు వచ్చేటప్పుడు మాత్రం విమానం నడిపేది ఈయూ సంస్థ అయితేనే. అందుకే గల్ఫ్ కంపెనీలో దుబాయ్ మీదుగా ఇంటికి వెళ్తే రక్షణ ఉంది, అలాగే వస్తే లేదు. ఒకే బుకింగ్ అయితే దుబాయ్‌లో కనెక్షన్ తప్పినా హైదరాబాద్ చేరిన టైమే లెక్క. చవగ్గా వస్తాయని టికెట్లు విడివిడిగా కొంటారు చూడండి, అక్కడే మునిగిపోతారు.

చేరడం మూడు గంటలు, ఆపైన ఆలస్యమైతే పరిహారం అడగొచ్చు. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి 600 యూరోలు. ఆలస్యం నాలుగు గంటల లోపైతే అందులో సగం కోయొచ్చు. విమానం నేల తాకిన టైమ్ కాదు, తలుపు తెరిచిన టైమ్ చూస్తారు. తలుపు తీయగానే ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

తుఫాను, మంచు లాంటివైతే పరిహారం రాదు. అయినా భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ ఇవ్వాల్సిందే. భోజనం కూపన్ తీసుకుంటే హక్కు పోతుందని భయపడకండి, హాయిగా తినండి. భయపడాల్సింది ట్రావెల్ వోచర్‌కే. మీరు సంతకంతో ఒప్పుకుంటే తప్ప డబ్బుకు బదులు వోచర్ అంటగట్టకూడదు. ఎంత అలసటగా ఉన్నా, వెనక క్యూ గొణుగుతున్నా, ఆ కాగితం చదవండి. “నాకు డబ్బే కావాలి, ఆలస్యానికి కారణం రాసివ్వండి” అనండి. అంత మొహమాటం దేనికి?

సరే, మరీ టెన్షన్ పడకండి. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లోనే ఫారం ఉంటుంది, మీరే నింపొచ్చు. కమీషన్ తినే కంపెనీల దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. జర్మనీలో ఫ్లైట్ లేటైన ఏడాది ముగిశాక ఇంకో మూడేళ్ల దాకా గడువుంది. బోర్డింగ్ పాస్ మాత్రం పారేయకండి.