నల్లగొండ నుంచి తిరుపతికి: వెయిటింగ్‌లో నంబరొక్కటే చూడకండి

ఆ మధ్య మా మేనత్త వాళ్లు నలుగురు తిరుపతికి స్లీపర్ టికెట్ తీసుకున్నారు. వెయిటింగ్ 9. "తొమ్మిదే కదా, అయిపోతది" అనుకున్నారు. పులిహోర కట్టుకుని స్టేషన్‌కు వచ్చి ఫోన్ తీస్తే టికెట్ రద్దయినట్టు మెసేజ్. అత్తమ్మ ఆ సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న తీరు నాకింకా గుర్తే.

నంబర్ చిన్నదే, అయినా కన్ఫర్మ్ కాలేదు

నంబర్‌కు ముందున్న అక్షరాలు చూడాలి. వాళ్లది పీక్యూడబ్ల్యూఎల్. అంటే దారిలోని కొన్ని స్టేషన్లకు కలిపి ఇచ్చిన చిన్న కోటా. అందులో ఎవరైనా రద్దు చేసుకుంటేనే మన నంబర్ కదులుతుంది. ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ కూడా దాదాపు ఇంతే. జీఎన్‌డబ్ల్యూఎల్ మాత్రం బండి బయలుదేరే చోటి పెద్ద కోటా, రద్దులూ ఎక్కువే. అందుకే పీక్యూ 9 కన్నా జీఎన్ 30 నయమంటాను.

ఏం చేయాలి? నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ అయితే అది బయలుదేరే లింగంపల్లి నుంచి, మహబూబ్‌నగర్ వాళ్లు వెంకటాద్రికి కాచిగూడ నుంచి వెతికి చూడండి. అక్కడ జీఎన్ కనిపిస్తే ఆ టికెటే తీసుకుని, బోర్డింగ్ పాయింట్ మీ ఊరు పెట్టుకోండి. చార్జీ కొంచెం పెరుగుతుంది, కానీ పండగ రోజుల్లో ఇదే ఆదుకుంటుంది. బోర్డింగ్ మార్చాక మాత్రం మీ ఊరికంటే ముందొచ్చే స్టేషన్లలో ఎక్కకూడదు.

"45/12" అని రెండు నంబర్లు

మొదటిది బుక్ చేసిన రోజుది, రెండోది ఇప్పటిది. రెండోదే చూడండి.

ఆర్ఏసీ వచ్చింది, ఎక్కనిస్తారా?

నిశ్చింతగా ఎక్కండి. సైడ్ లోయర్ బెర్త్ మీద ఇద్దరికి కూర్చునే చోటు ఖాయం. ఎవరైనా రాకపోతే టీటీఈ బెర్త్ ఇస్తారు.

చార్ట్ వేశాక టికెట్ రద్దయింది

చార్ట్ అంటే ఎవరికి ఏ బెర్తో తేల్చే జాబితా. అది వేశాక ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలితే టికెట్ దానంతటదే రద్దవుతుంది, కొంత కోత పోను డబ్బులు ఖాతాలో పడతాయి. ఆ టికెట్‌తో బండెక్కితే టికెట్ లేనట్టే లెక్క. నలుగురిలో ఇద్దరికి కన్ఫర్మ్ అయితే మాత్రం మిగతా ఇద్దరి పేర్లూ చార్టులో ఉంటాయి. వెళ్లొచ్చు, బెర్త్ ఉండదు.

2025 నుంచి చార్టులు బాగా ముందే వేస్తున్నారు. సాయంత్రం బండికి స్టేషన్ దాకా వచ్చి చూడటం కాదు, ఇంట్లో ఉండగానే పీఎన్ఆర్ చూడండి. కన్ఫర్మ్ కాకపోతే ఆర్టీసీ బస్సు చూసుకునే టైం ఉంటుంది. అత్తమ్మకు ఆ రోజు దొరకనిది ఈ టైమే.

తత్కాల్‌లో వెయిటింగ్

టీక్యూడబ్ల్యూఎల్ మీద ఆశ పెట్టుకోకండి. దానికి ఆర్ఏసీ ఉండదు, చార్ట్ వేసేటప్పుడు జీఎన్ తర్వాతే దీని వంతు.

రిగ్రెట్ అని వస్తే

వెయిటింగ్ కూడా నిండిపోయిందని అర్థం. చార్ట్ వేశాక ఇంకోసారి వెతకండి. బెర్తులు మిగిలితే కరెంట్ అవైలబుల్ అని చూపిస్తుంది, అప్పుడు నేరుగా కన్ఫర్మ్ టికెట్టే దొరుకుతుంది.