ఎండలు ముదరకముందే బండి బ్యాటరీ చూపించుకోండి

మార్చి వచ్చిందంటే చాలు, మన తిరుపతిలో మధ్యాహ్నం పూట స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఇక రోహిణి కార్తె సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలం వస్తోందంటే ఏసీ గ్యాస్ పట్టిస్తాం, టైర్లు చూపిస్తాం, బ్యాటరీని మాత్రం సెల్ఫ్ మొరాయించేదాకా తలుచుకోం. దయచేసి ఈసారి ముందు దాన్నే చూపించండి.

చలికి బ్యాటరీలు పోతాయని చాలామంది నమ్మకం. చలి పొద్దున బండి స్టార్ట్ కాదు కాబట్టి అలా అనిపిస్తుంది గానీ, దాన్ని లోపల్లోపల తినేసేది అంతకుముందు పడ్డ ఎండే. వేడికి లోపలి నీళ్లు ఆవిరైపోతాయి, ప్లేట్లు త్వరగా తుప్పు పడతాయి. బ్యాటరీ ఉండే చోట వేడి మామూలుకన్నా ఓ 10 డిగ్రీలు ఎక్కువగా ఉంటూ ఉంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ పని తెలిసినవాళ్లు వేసే లెక్క. కారు బ్యాటరీ 3 నుంచి 5 ఏళ్లు వస్తుందంటారు, అది నిజమే, కానీ రోజంతా ఎండలో నిలబడే మన బండికి 5 ఏళ్ల మీద ఆశ పెట్టుకోకండి. మూడేళ్లు నిండితే ఏటా ఎండలకు ముందు ఒకసారి టెస్ట్ చేయించండి. నాలుగు దాటి, టెస్టులో కాస్త వీక్ అని తేలినా సరే, ఇంకో ఆరు నెలలు లాగుదాంలే అనుకోకుండా మార్చేయండి. బైకులు, స్కూటర్లవి చిన్న బ్యాటరీలు కాబట్టి ఇంకా ముందే, రెండేళ్ల నుంచే కనిపెట్టుకుని ఉండాలి, పైగా ఇప్పుడొచ్చే చాలా బండ్లకు కిక్ కూడా లేదు.

పోయేముందు బ్యాటరీ కొన్ని సూచనలు ఇస్తుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా తిరగడం, బండి ఆగి ఉన్నప్పుడు హెడ్‌లైట్ మసకబారి రేజ్ చేస్తే వెలగడం, హారన్ నీరసంగా మోగడం. బ్యాటరీ పక్కలు ఉబ్బినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా ఆ బండి నడపకండి, మెకానిక్‌ను పిలిపించండి. ఒక్కోసారి ఇవేవీ లేకుండానే ఉన్నట్టుండి చచ్చిపోతుంది, అందుకే టెస్ట్ అంటున్నాను.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే పెట్టండి. 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ఫర్వాలేదు, 12.2 అంటే సగానికి వచ్చింది, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీయే. తర్వాత స్టార్ట్ చేసి చూడండి, చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి (కొన్ని కొత్త కార్లలో ఇది అటూ ఇటూ మారుతుంటుంది). 13 కూడా రాకపోతే తప్పు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో, దాన్ని తిప్పే బెల్టుదో అయ్యుంటుంది, అది చూపించకుండా కొత్త బ్యాటరీ కొంటే డబ్బులు దండగ. అయితే వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. లోడ్ పడినప్పుడు ఎంత నిలబడుతుందో అంగట్లో లోడ్ టెస్టర్ పెట్టి చూపించమని అడగండి.

బానెట్ ఎత్తినప్పుడు బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్ల వైపు ఓ చూపు వేయండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే బ్యాటరీ మంచిదైనా కరెంటు సరిగ్గా అందదు. ముందు నెగెటివ్ క్లాంప్, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో తోమి, ఆరాక బిగించి కాస్త వాజలిన్ పూయండి. బిగించేటప్పుడు నెగెటివ్ చివర్న. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలు వద్దు. అక్కడ బీడీ, సిగరెట్ వెలిగించకండి, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ చాలు. యాసిడ్ కంట్లో పడితే పావుగంటైనా ధారగా నీళ్లు కొట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొండకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అలిపిరి దగ్గర చెకింగ్ క్యూలో ఇంజిన్ ఆపేస్తాం, మంచిదే, కానీ లైట్లు, ఫ్యాను, పాటలు, రెండు ఫోన్ల చార్జింగ్ మాత్రం నడుస్తూనే ఉంటాయి. పాత బ్యాటరీ అయితే క్యూ కదిలే సమయానికి సెల్ఫ్ తీసుకోదు. పైకి వెళ్లే ఘాట్ వన్‌వే, మధ్యలో ఆగితే వెనక్కి తిప్పుకునే వీలుండదు, మన వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని, లేదా స్టార్ట్ కాలేదని ఇంజిన్ ఆఫ్‌లో బండిని దొర్లించకండి. ఇంజిన్ ఆగితే బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, ఆ మలుపుల్లో అది ప్రాణాలతో చెలగాటం. భాకరాపేట ఘాట్‌లోనైనా, బెంగళూరు దారిలో మొగిలి ఘాట్‌లోనైనా ఇదే జాగ్రత్త.

మీ బ్యాటరీ పడిపోతే ఇంకో బండి బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేసుకోవడానికి డిక్కీలో జంపర్ కేబుల్ ఒకటి ఉంచుకోండి. ఎరుపు ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస అవతలి బండి పాజిటివ్‌కు. నలుపు అవతలి బండి నెగెటివ్‌కు, చివరి కొస మీ ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు ఇదే వరస తిరగేయండి.

కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ చూడకుండా డబ్బులివ్వకండి. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి మన పక్కనే ఉన్నా, అంగట్లో నెలల తరబడి పడి ఉన్నది ఉండొచ్చు, మూడు నాలుగు నెలలు దాటిన స్టాకు వద్దనండి. ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం, పాతదానంతే ఉండాలి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే కారైతే దానికి చెప్పిన రకమే వేయించండి, తక్కువకు వస్తోందని మామూలుది వేస్తే త్వరగా పోతుంది. వారంటీ కార్డులో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు డిస్కౌంట్ మాత్రమే ఇస్తారో రెండూ వేరువేరుగా రాసి ఉంటాయి, అక్కడే చదివి, తేదీ వేయించి సీలు కొట్టించుకోండి. పాత బ్యాటరీని ఆ అంగడివాళ్లకే ఇచ్చేయండి, దాని ధర బిల్లులో తగ్గిస్తారు. సీసం, యాసిడ్ ఉన్న ఆ డబ్బాను పిల్లలు తిరిగే ఇంట్లో మూలన పడేసి ఉంచకండి.