గన్నవరం నుంచి ఫ్లైట్ ఎక్కే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి (2020 జూన్, కరోనా రోజుల్లో)

ఇది 2020 జూన్ మొదట్లో, కరోనా లాక్‌డౌన్ తర్వాత ఫ్లైట్లు మళ్ళీ మొదలైనప్పుడు రాసింది, ఇందులో "ఇప్పుడు" అన్నదంతా ఆ రోజుల సంగతే, కరోనా రూల్స్, రేట్లు, టైమ్‌లు అన్నీ అప్పటివే. 2020 మే 25న దేశంలో డొమెస్టిక్ ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాయి, మన ఆంధ్రాలో ఒక రోజు లేటుగా 26 నుంచి బెజవాడ దగ్గరున్న గన్నవరం ఎయిర్‌పోర్ట్‌లో మొదలయ్యాయి. నేను బెజవాడలో టికెట్లు బుక్ చేసే షాప్‌లో పనిచేస్తా, ఈ పది రోజుల నుంచి ఫోన్ పక్కన పెట్టే టైమే ఉండట్లేదు. అందరూ టికెట్ రేటు అడుగుతున్నారు, సీటు ఉందా అని అడుగుతున్నారు, కానీ ఎయిర్‌పోర్ట్‌లో ఏం మారిందో అడిగేవాళ్ళు చాలా తక్కువ. అదేమిటండీ అంటే "అక్కడికెళ్ళాక చూసుకుందాంలే" అంటున్నారు. దయచేసి ఆ మాట ఈ సీజన్‌కి మానేయండి. ఇంతకుముందు ఎయిర్‌పోర్ట్‌లో ఏది మర్చిపోయినా అక్కడ ఏదో ఒకటి దొరికేది, ఎవరో ఒకళ్ళు చేసిపెట్టేవాళ్ళు. ఇప్పుడు కౌంటర్లు తగ్గాయి, షాపులు తగ్గాయి, ఫ్లైట్లూ తగ్గాయి. అక్కడ చేసే పని సగం ఇప్పుడు మన చేతికొచ్చింది, అది ఇంట్లో చేసుకుని వెళ్తే ఏ ఇబ్బందీ లేదు, లేకపోతే పెద్దోళ్ళని, పిల్లల్ని వెంటబెట్టుకుని మనమే లైన్‌లో నలిగిపోతాం.

అసలు వెళ్ళాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. కంటైన్‌మెంట్ జోన్‌లో, అంటే కరోనా కేసులు వచ్చి మూసేసిన వీధుల్లో ఉంటున్నవాళ్ళు ప్రయాణం చెయ్యకూడదు, చెక్ ఇన్ చేసేటప్పుడే ఆ డిక్లరేషన్ మీద టిక్ పెట్టాలి, తప్పుగా పెడితే కేసు అవుతుంది. కృష్ణలంక వైపు వాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మీ వీధి ఇంకా జోన్‌లో ఉందో తీసేశారో వార్డు వాలంటీర్‌ని అడిగితే చెప్తారు. పెద్ద వయసు వాళ్ళు, గర్భిణీలు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు వీలైతే ఆగమని ప్రభుత్వమే చెప్తోంది. మనవడి పుట్టినరోజుకి వెళ్ళాలన్న ఆశ నాకు అర్థమవుతుంది, కానీ అమ్మమ్మలకి, తాతయ్యలకి మాత్రం ఒక్క రెండు నెలలు ఆగండి అనే చెప్తున్నా, టికెట్ అమ్ముకునే మనిషినే అయినా.

ఇక ఒళ్ళు వెచ్చగా ఉంటే డోలో వేసుకుని థర్మల్ స్క్రీనింగ్ దాటేద్దాం అనుకునేవాళ్ళు ఉన్నారు, అది మహా పాపం అండీ. పక్క సీట్లో కూర్చునేది ఎవరింటి పెద్దాయనో మనకి తెలీదు. ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి డేట్ మార్చమని అడగండి.

ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చే మెసేజ్ ఎవరి ఫోన్‌కి వెళ్తోందో చూసుకోండి, ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ గొడవ దీంతోనే వస్తోంది. బుక్ చేసేటప్పుడు చాలామంది మా షాప్ నంబరే ఇచ్చేయమంటారు, లేదా అమెరికాలో ఉన్న కొడుకు బుక్ చేస్తాడు, ఆయన నంబర్ ఉంటుంది. ఫ్లైట్ క్యాన్సిల్ అయినా, టైమ్ ముందుకి జరిగినా మెసేజ్ ఆ నంబర్‌కే పోతుంది. అక్కడ అబ్బాయి నిద్రలో ఉంటాడు, ఇక్కడ తల్లిదండ్రులు సూట్‌కేసులతో గేటు దగ్గర ఉంటారు. ఈ రోజుల్లో ముందు రోజు సాయంత్రం కూడా క్యాన్సిల్ అవుతున్నాయి. మీ దగ్గర ఉండే ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ టికెట్‌లో ఎక్కించమని అడగండి, ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి ఎయిర్‌లైన్స్ సైట్‌లో పీఎన్‌ఆర్ (టికెట్ మీద ఉండే బుకింగ్ నంబర్) కొట్టి చూసుకోండి. ఇంతకుముందు పొద్దున ఫ్లైట్ పోతే సాయంత్రం ఇంకోటి ఉండేది, ఇప్పుడు గన్నవరం నుంచి నడిచేవే తక్కువ కాబట్టి ఒకటి పోతే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం.

హైదరాబాద్‌లో మారి ఢిల్లీకో ఇంకెక్కడికో వెళ్ళేవాళ్ళు రెండు ముక్కలూ ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి. విడివిడిగా తీస్తే ఐదారొందలు తగ్గుతుంది నిజమే, కానీ మొదటిది క్యాన్సిల్ అయితే రెండోవాళ్ళకి మీతో సంబంధం లేదు. కరోనా వల్ల చిక్కుకుపోయినవాళ్ళ కోసం ప్రభుత్వం విదేశాలకి నడుపుతున్న వందే భారత్ ఫ్లైట్ పట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళయితే కనీసం ఒక రోజు తేడా పెట్టుకోండి. రేట్ల సంగతి కూడా ఒక ముక్క చెప్తా, 2020 ఆగస్టు 24 దాకా ప్రయాణం ఎంతసేపన్నదాన్ని బట్టి ఏడు రకాలుగా కింద రేటు, పై రేటు ప్రభుత్వమే పెట్టింది, అన్నిటికంటే చిన్న ప్రయాణానికి 2,000 నుంచి 6,000. ట్యాక్సులు, ఎయిర్‌పోర్ట్ చార్జీలు వేరే. ఎవరైనా ఇంతకు మించి చెప్తే ఏ లెక్క అని నిలదీసి అడగండి.

వెబ్ చెక్ ఇన్ ఇప్పుడు తప్పనిసరి, కౌంటర్‌లో కూర్చుని బోర్డింగ్ పాస్ ఇచ్చేవాళ్ళు లేరు. ఇంట్లోనే చేసేసి పాస్ ఫోన్‌లో పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి, ఎందుకంటే అక్కడ నెట్ రాకపోతే వెనకాల యాభై మంది ఆగిపోతారు. వీలైతే ఒక ప్రింట్ కూడా దగ్గర పెట్టుకోండి, పెద్దోళ్ళకి కాగితమే నయం. ప్రభుత్వం కరోనా కోసం పెట్టిన ఆరోగ్య సేతు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉండాలి, కాబట్టి ఫోన్ ఛార్జింగ్ నిండుగా ఉండాలి. స్మార్ట్ ఫోన్ లేని వాళ్ళకి సెల్ఫ్ డిక్లరేషన్ ఫారం ఉంది, 14 ఏళ్ళలోపు పిల్లలకి యాప్ తప్పనిసరి కాదు. పవర్ బ్యాంక్ ఉంటే హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి, పెద్ద బ్యాగ్‌లో పెడితే ఒప్పుకోరు.

బ్యాగ్ ట్యాగ్ కూడా మనమే వేసుకోవాలి. ప్రింటర్ లేకపోతే దళసరి అట్ట మీద పేరు, పీఎన్‌ఆర్ పెద్ద అక్షరాలతో రాసి కట్టమన్నారు. మా షాప్‌కి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: ఇంట్లో పాత శుభలేఖ ఉంటుందిగా, దాని అట్ట అరచెయ్యంత ముక్క కోసి, మార్కర్‌తో రాసి, మీద మొత్తం సెల్లో టేప్ వేసి, ఒక మూల చిల్లు పెట్టి పురికొసతో హ్యాండిల్‌కి రెండు ముళ్ళు వెయ్యండి. టేప్ ఎందుకంటే శానిటైజర్ చేతులతో నాలుగు సార్లు పట్టుకునేసరికి బాల్ పెన్నుతో రాసింది అలుక్కుపోతుంది. ట్యాగ్‌ని ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఒక్కళ్ళకి ఒక్క చెక్ ఇన్ బ్యాగ్, ఒక్క హ్యాండ్ బ్యాగ్, అంతే. ఇది మన గుంటూరు తల్లులకి మింగుడుపడని విషయం. ఆవకాయ పెట్టిన నెల, పిల్లాడికి ఆవకాయ జాడీ, గోంగూర, కారప్పొడి, నెయ్యి పంపకుండా ఏ అమ్మ ఊరుకుంటుంది? పంపండి, కానీ పచ్చళ్ళు, నెయ్యి అన్నీ పెద్ద బ్యాగ్‌లోనే పెట్టండి, హ్యాండ్ బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు, అక్కడ బతిమాలుతూ నిలబడితే లైన్ మొత్తం ఆగుతుంది. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత చుట్టూ టేప్ వేసి రెండు కవర్లలో పెట్టి బట్టల మధ్యలో పెట్టండి. బరువు ఇంట్లోనే తూచండి, టికెట్ మీద 15 కిలోలు అని ఉందో 20 అని ఉందో చూసుకోండి, అక్కడ బ్యాగ్ విప్పి సర్దుకోవడం ఇప్పుడు అస్సలు బాగుండదు, పక్కన మనుషులు దూరంగా నిలబడలేరు.

ఇప్పుడు టైమ్ లెక్క. రెండు గంటల ముందు అక్కడ ఉండాలి, కౌంటర్ గంట ముందు మూసేస్తారు, బోర్డింగ్ గంట ముందు మొదలవుతుంది, గేటు 20 నిమిషాల ముందు మూసేస్తారు. 11 గంటల ఫ్లైట్ అనుకుంటే 9కి గన్నవరంలో దిగాలి, 10 లోపు బ్యాగ్ వేసెయ్యాలి, 10:40 తర్వాత ఎంత మొత్తుకున్నా ఎక్కనివ్వరు. గుంటూరు నుంచి అయితే కాజ టోల్ గేటు, మధ్యలో పోలీసు చెకింగ్, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు అన్నీ లెక్కేసుకుని 7 కల్లా బండి ఎక్కండి. అలాగని మరీ ఐదు గంటల ముందు వెళ్ళి కూర్చోవడం కూడా కుదరదు, నాలుగు గంటల లోపు ఉన్న ఫ్లైట్ వాళ్ళనే లోపలికి పంపుతున్నారు, బయట రోహిణి కార్తె ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రాత్రి 9 నుంచి పొద్దున 5 దాకా కర్ఫ్యూ ఉంది కాబట్టి తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళు టికెట్ ప్రింట్ చేతిలో పెట్టుకోండి, పోలీసులు ఆపితే అదే చూపించాలి. కార్లో డ్రైవర్ కాకుండా ఇద్దరే ఎక్కండి, సాగనంపడానికి ఇంటిల్లిపాదీ రావద్దు, లోపలికి ఎలాగూ రానివ్వరు. సిటీ బస్సులు ఇంకా తిరగట్లేదు, అక్కడ ఆటో దొరుకుతుందిలే అనుకోవద్దు, రాను పోను బండి ముందే మాట్లాడుకోండి.

ఎండలో నుంచి వచ్చి నేరుగా స్క్రీనింగ్ దగ్గరికి వెళ్ళిపోవద్దు. నుదురు కాలిపోయి ఉంటే జ్వరం చూసే ఆ గన్ను ఎక్కువ చూపిస్తుంది, మీకు జ్వరం లేకపోయినా పక్కకి రమ్మంటారు, మనిషికి కంగారు. నీడలో ఐదు పది నిమిషాలు ఆగి చెమట తుడుచుకుని నీళ్ళు తాగి అప్పుడు లైన్‌లోకి వెళ్ళండి.

లైన్ చూసి భయపడొద్దు. మనిషికి మనిషికి మధ్య గీతలు గీశారు, కాబట్టి ముప్పై మంది ఉన్నా చాంతాడంత కనిపిస్తుంది. లైన్ ఆగేదంతా ఒక్కడు ముందుకొచ్చాక ఆధార్ కార్డు కోసం బ్యాగ్ అంతా వెతుక్కునే దగ్గర. ఐడీ, బోర్డింగ్ పాస్, ఫోన్ ఈ మూడూ షర్ట్ జేబులోనో చిన్న పర్సులోనో పెట్టుకోండి, కార్డు మీరే పట్టుకుని చూపించాలి, వాళ్ళు చేత్తో తీసుకోరు. బోర్డింగ్ పాస్ మీద స్టాంపు కూడా వెయ్యట్లేదు, వెయ్యలేదని మళ్ళీ వెనక్కి వెళ్ళి అడక్కండి. ఆడవాళ్ళు గాజులు, పెద్ద నగలు, మగవాళ్ళు పెద్ద బకిల్ బెల్టులు ఇంట్లోనే వదిలెయ్యండి, మెషీన్ మోగకపోతే ఎవరూ మిమ్మల్ని ముట్టుకోవాల్సిన అవసరం రాదు, అది అందరికీ మంచిది. శానిటైజర్ సీసా 350 మిల్లీ దాకా హ్యాండ్ బ్యాగ్‌లో ఒప్పుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వీల్ చెయిర్ కావాలంటే బుకింగ్‌లోనే పెట్టించండి, అప్పటికప్పుడు అడిగితే మనిషి దొరకడం కష్టం, లోపల వెయిటింగ్ కుర్చీల్లో కూడా ఒకటి విడిచి ఒకటే కూర్చోవాలి.

ఫ్లైట్‌లో తిండి పెట్టరు, మనం తెచ్చుకున్నది కూడా తిననివ్వరు. అందుకని ఇంట్లో ఇడ్లీయో పెరుగన్నమో కడుపునిండా తిని బయల్దేరండి. షుగరు ఉన్నవాళ్ళు టైమ్‌కి మాత్ర వేసుకుని తినకుండా ఉంటే ప్రమాదం, మాత్ర టైమింగ్ గురించి ముందే మీ డాక్టర్‌ని అడగండి, జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి, కళ్ళు తిరుగుతున్నట్టు ఉంటే మొహమాటం లేకుండా సిబ్బందిని పిలవండి. మాస్కు, ఫేస్ షీల్డ్, శానిటైజర్ ఉన్న కిట్ ఎయిర్‌లైన్స్ వాళ్ళే ఇస్తున్నారు, 2020 జూన్ 3 నుంచి మధ్య సీటు వాళ్ళకి ఒంటి మీద కప్పుకునే గౌను కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగండి. మాస్కు మాత్రం ఇంటి నుంచే మీకు అలవాటైనది పెట్టుకుని, ఒకటి విడిగా కవర్‌లో ఉంచుకోండి, చెమటకి తడిసిపోయాక మార్చుకోవడానికి. ఆగగానే లేచి పైన బ్యాగ్ లాగడం మన అలవాటు, ఇప్పుడు వరస వరసగా పిలిచినప్పుడే లేవాలి.

దిగే చోట రూల్స్ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం. బెంగళూరు వెళ్తుంటే సేవా సింధు వెబ్‌సైట్‌లో, చెన్నై అయితే ఆన్‌లైన్ ఈ-పాస్ కోసం, మన దగ్గరికి వస్తుంటే స్పందన వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఎక్కడ నుంచి వస్తున్నారన్నదాన్ని బట్టి కొందరికి 14 రోజులు ఇంట్లోనే, కేసులు ఎక్కువున్న చోట నుంచి వస్తే 7 రోజులు క్వారంటైన్ సెంటర్‌లో, తర్వాత 7 రోజులు ఇంట్లో. ఇవి వారానికోసారి మారుతున్నాయి కాబట్టి పోయిన వారం బావగారు చెప్పింది నమ్ముకోకుండా ముందు రోజు సైట్‌లో చూడండి. సెంటర్‌కి పంపితే రెండు జతల బట్టలు, మందులు, ఛార్జర్ హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉంటే బతికిపోతారు.

వచ్చేవాళ్ళ కోసం ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక గది, వీలైతే విడిగా బాత్రూం ముందే ఖాళీ చేసి ఉంచండి. బ్యాగ్ వరండాలోనే దించి హ్యాండిల్ తుడిచి, మనిషి నేరుగా స్నానానికి వెళ్ళేలా చూడండి. కంచం, గ్లాసు విడిగా పెట్టండి, వచ్చినవాళ్ళు అమ్మానాన్నల గది వైపు రావద్దని ముందే ఫోన్‌లో చెప్పి ఉంచితే ఎవరూ బాధపడరు. దగ్గు, జ్వరం, ఆయాసం ఏది కనిపించినా వెంటనే 104కి ఫోన్ చెయ్యండి, ఆ రోజు ఫ్లైట్ నంబర్, సీట్ నంబర్ అడుగుతారు కాబట్టి బోర్డింగ్ పాస్ పారెయ్యకుండా దాచి ఉంచండి.