సున్నాలు పోకుండా ఇన్‌వాయిస్ కోడ్ పెంచడం: జావాలో

"హెచ్‌వై25-0099" తర్వాత "హెచ్‌వై25-0100" రావాలి. ఒకటి కలపడం తేలికే. ఏ అంకెలకు కలపాలి, ముందున్న సున్నాలను ఎలా కాపాడాలి, 9999 తర్వాత ఏం చేయాలి అన్నవే చిక్కులు.

అంకెలు కానివన్నీ రీప్లేస్‌ఆల్‌తో తీసేసి మిగిలినదాన్ని నంబర్‌గా మార్చే చిట్కా ఇక్కడ పనికిరాదు. 25 కూడా కలిసిపోయి 250099 అవుతుంది. స్ట్రింగ్ చివరి నుంచి వెనక్కి రావాలి. "ఐ" అనే ఇంట్ వేరియబుల్‌లో లెంగ్త్ పెట్టుకుని, దానికి ముందు స్థానంలో '0' నుంచి '9' లోపు క్యారెక్టర్ ఉన్నంతవరకు ఒక్కొక్కటి తగ్గించండి. ఐ సున్నా కంటే పెద్దదేనా అన్న షరతు వైల్ లూప్‌లో ముందుండాలి. లేదంటే అన్నీ అంకెలే ఉన్న కోడ్‌కు చార్‌యాట్ ఎక్సెప్షన్ ఇస్తుంది. లూప్ ఆగాక సబ్‌స్ట్రింగ్(0, ఐ) ప్రిఫిక్స్ (అంటే ముందు భాగం), సబ్‌స్ట్రింగ్(ఐ) అంకెల భాగం. అంకెల భాగం ఖాళీగా ఉంటే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ విసరండి, ఊరికే 1 అతికించకండి.

క్యారెక్టర్.ఈజ్‌డిజిట్ వాడొద్దు. అది ౦ నుంచి ౯ వరకు తెలుగు అంకెలకు కూడా ట్రూ అంటుంది, పార్స్‌ఇంట్ కూడా వాటిని చక్కగా చదివేస్తుంది. మనకు ముచ్చటే గానీ, డేటాబేస్‌లో ఒకే నంబర్ రెండు రూపాల్లో చేరుతుంది.

లూప్ బదులు రీజెక్స్ (అక్షరాల నమూనాతో పోల్చే పద్ధతి) ఇష్టమైతే, మొదటి గ్రూపు ప్రిఫిక్స్‌కు, రెండోది అంకెలకు. మొదటి గ్రూపులో చుక్క, నక్షత్రం తర్వాత ప్రశ్నార్థకం తప్పక పెట్టండి. అది లేకపోతే మొదటి గ్రూపు ఆశపోతులా "హెచ్‌వై25-009" దాకా మింగేసి, రెండో దానికి చివరి 9 ఒక్కటే వదులుతుంది. ఫలితం "హెచ్‌వై25-00910".

"0099"ని పార్స్ చేస్తే 99 మిగులుతుంది, సున్నాలు పోతాయి. అందుకే అంకెల భాగం లెంగ్త్‌ను ముందే దాచుకుని, స్ట్రింగ్.ఫార్మాట్‌లో శాతం గుర్తు, 0, ఆ లెంగ్త్, చిన్న డి వరసగా కలిపిన ప్యాటర్న్ ఇవ్వండి. మొదటి ఆర్గ్యుమెంట్‌గా లొకేల్.రూట్ ఉండాలి, లేకపోతే కొన్ని లొకేల్‌లలో (భాష, ప్రాంతం సెట్టింగులలో) అంకెల రూపమే మారుతుంది. ప్రిఫిక్స్ + నంబర్ + 1 అని రాస్తే కూడిక జరగదు, 99 పక్కన 1 అతుక్కుని 991 అవుతుంది. ఇంటీజర్.డీకోడ్ జోలికి పోకండి: ముందు సున్నా ఉంటే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే సంఖ్య) అనుకుంటుంది, "010"కి 8 ఇస్తుంది, "0099"కి నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్.

ఇంట్ గరిష్ఠం 2147483647. పది అంకెల కోడ్ దీన్ని దాటగలదు కాబట్టి లాంగ్ వాడండి. 18 అంకెల వరకు భయం లేదు, అంతకు మించితే బిగ్‌ఇంటీజర్.

9999 దాటితే ఫార్మాట్ దేన్నీ కత్తిరించదు, 10000 అని ఐదంకెలు ఇస్తుంది. అప్పుడు స్ట్రింగ్ సార్టింగ్‌లో 10000 వచ్చి 9999కి ముందు కూర్చుంటుంది. పైగా జీఎస్టీ 46వ నియమం ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్ 16 క్యారెక్టర్లు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. కాబట్టి కొత్త అంకెల లెంగ్త్ పాతదాన్ని మించితే ఎక్సెప్షన్ విసిరి ఆపడమే మంచిది. మళ్లీ 0001కి తిప్పడం మాత్రం వద్దు.

ఇద్దరు ఒకేసారి బిల్లు కొడితే ఇద్దరూ 0099నే చదివి ఇద్దరూ 0100 రాస్తారు. సింక్రొనైజ్డ్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే జావా తాళం) ఒక్క జేవీఎమ్ లోపలే, అంటే నడుస్తున్న ఒక్క జావా ప్రోగ్రామ్ లోపలే కాపాడుతుంది. సర్వర్లు రెండుంటే నంబర్‌ను డేటాబేస్ సీక్వెన్స్ (తర్వాతి నంబర్‌ను తనే ఇచ్చే కౌంటర్) నుంచి తీసుకుని, జావాలో ప్రిఫిక్స్, సున్నాలు మాత్రమే జోడించండి. ఆ కాలమ్‌పై యునీక్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టండి. సీక్వెన్స్‌లో రోల్‌బ్యాక్ (మధ్యలో రద్దు) అయిన నంబర్ వెనక్కి రాదు. ఇన్‌వాయిస్ నంబర్లు వరసగా ఉండాలి గనక మధ్యలో ఖాళీలు కుదరవంటే, కౌంటర్‌కు ఒక టేబుల్ పెట్టి, ఆ వరుసను లాక్ చేసి, బిల్లు సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే పెంచండి.