అచ్చైన పరిశోధన వ్యాసాన్ని ఒప్పందం మీరకుండా అందరికీ ఉచితంగా అందించడం ఎలా?

జర్నల్‌లో వ్యాసం వచ్చిన మర్నాడే ప్రచురణకర్త తయారుచేసిన పీడీఎఫ్‌ను పరిశోధకుల వెబ్‌సైటు రీసెర్చ్‌గేట్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టి, దానినే ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఉచితంగా అందించడం) అనుకోవడం గుంటూరు, విజయవాడ కళాశాలల్లో ఆనవాయితీగా మారింది. చాలా సందర్భాలలో ఆ పని రచయిత స్వయంగా సంతకం చేసిన ఒప్పందానికి విరుద్ధం. వేలకు వేలు రుసుము కడితే తప్ప వ్యాసం అందరికీ అందదని నమ్మి ఊరుకునేవారు మరికొందరు. పైసా ఖర్చు లేకుండా, ప్రచురణకర్తలలో చాలామంది అనుమతించే దారి ఒకటుంది. అది రచయిత తన ప్రతిని తానే రిపాజిటరీలో, అంటే వ్యాసాలను దాచి అందరికీ అందించే ఆన్‌లైన్ భాండాగారంలో, భద్రపరచడం. ఓపెన్ యాక్సెస్ కోసం వెలువడిన 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన చెప్పిన రెండు మార్గాలలో మొదటిది ఇదే. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం వల్ల ప్రభుత్వ సంస్థలకు చందా జర్నళ్లు (చందా కడితేనే చదవగలిగేవి) అందుతున్నాయి కనుక ఇక దీని అవసరం లేదనేవారు, మన చుట్టూ ఉన్న ప్రైవేటు కళాశాలలను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ముందుగా కావలసినవి: జర్నల్ ఐఎస్ఎస్ఎన్ (జర్నల్‌ను గుర్తించే సంఖ్య), వ్యాసం డీఓఐ (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), అంగీకారం తెలిపిన ఈమెయిలు, మీరు సంతకం చేసిన కాపీరైట్ ఫారం, మీ వర్డ్ ఫైలు. వీటన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచుకోవాలి. పెన్‌డ్రైవులో కాదు.

తరువాత జర్నల్ విధానం చూడాలి. బ్రిటన్‌కు చెందిన జిస్క్ సంస్థ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్ వెబ్‌సైటులో, అంటే మునుపటి షెర్పా రోమియోలో, ఐఎస్ఎస్ఎన్ కొడితే ఏ ప్రతిని, ఎక్కడ, ఎన్ని నెలల తరువాత, ఏ లైసెన్సుతో పెట్టవచ్చో కనిపిస్తుంది. అక్కడ చూసినదాన్ని మీ ఫారంతో సరిపోల్చుకోండి. రెండూ వేర్వేరుగా ఉంటే మీరు సంతకం చేసినదే చెల్లుతుంది. "నా వ్యాసం నాది, నా ఇష్టం" అనే వాదన ఇక్కడ నిలవదు. 1957 కాపీరైట్ చట్టం రచయితనే తొలి హక్కుదారుగా గుర్తిస్తుంది గానీ, రాతపూర్వకంగా సంతకం చేసి ఆ హక్కును బదిలీ చేసే వీలు కూడా అదే చట్టం ఇస్తుంది. గడువు రాయని బదిలీ అయిదేళ్లకే పరిమితమని 19వ సెక్షను చెబుతున్నా, ప్రచురణకర్తల ఫారాలలో సాధారణంగా కాపీరైట్ ఉన్నంతకాలం అని స్పష్టంగా రాసే ఉంటుంది.

ఇక అసలు చిక్కు సరైన ఫైలును గుర్తించడంలో ఉంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి.

ఒక వ్యాసానికి మూడు రూపాలుంటాయి. జర్నల్‌కు మొదట పంపినది ప్రీప్రింట్. రివ్యూయర్ల (వ్యాసాన్ని పరిశీలించే నిపుణుల) సూచనల ప్రకారం సవరించి పంపగా ఎడిటర్ ఆమోదించినది యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్. ప్రచురణకర్త పేజీలు కూర్చి, లోగో, పేజీ సంఖ్యలు వేసి విడుదల చేసినది తుది ప్రతి. చందా జర్నళ్లు రిపాజిటరీకి అనుమతించేది చాలావరకు రెండవ రూపాన్నే. ఇక్కడే ప్రూఫు మోసం చేస్తుంది. దిద్దడానికి పంపిన ఆ పీడీఎఫ్ మన మెయిలుకే వస్తుంది గనుక అది మనదే అనిపిస్తుంది, కానీ దాని కూర్పు ప్రచురణకర్తది. దానిని ముట్టుకోకండి.

స్వల్ప సవరణలతో అంగీకరిస్తామని ఎడిటర్ రాసినప్పుడు, ఆ ఉత్తరానికి ముందున్న ఫైలు పనికిరాదు. సవరణలన్నీ చేసి ఆఖరున పంపినదే కావాలి. అది తరచుగా గైడ్ గారి దగ్గరో, వేరే ఊళ్లో ఉన్న సహరచయిత దగ్గరో ఉండిపోతుంది. ఎవరి దగ్గరా దొరకకపోతే, వ్యాసం సమర్పించిన వెబ్‌సైటులోకి కరెస్పాండింగ్ రచయిత (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు) లాగిన్ అయి ఆఖరి సవరణ ప్రతిని దించుకోవచ్చు. తుది పీడీఎఫ్‌లోని పాఠాన్ని వర్డ్‌లోకి కాపీ చేసి ఇదే మాన్యుస్క్రిప్టు అనడం మాత్రం కూడదు. బొమ్మలు, గ్రాఫులు కూడా మీ మూల ఫైళ్ల నుంచే రావాలి.

ఫైలు దొరికాక ట్రాక్ ఛేంజెస్ (వర్డ్ గుర్తించి చూపే సవరణలు) అన్నీ ఆమోదించి, పక్కనున్న వ్యాఖ్యలు తీసివేయండి. రివ్యూయరుకు రాసిన సంజాయిషీలతో సహా లోకానికి చూపించిన వ్యాసాలు నేను చూశాను. ప్రూఫు దశలో ఒక అంకె దిద్ది ఉంటే, ఉదాహరణకు మిరప తోటకు వాడిన మందు మోతాదు, ఆ దిద్దుబాటు మీ ప్రతిలో ఉండదు. మొదటి పేజీలో ఆ సంగతి రాయండి. అదే పేజీలో జర్నల్ పేరు, సంవత్సరం, డీఓఐ, ఇది యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అన్న వాక్యం ఉండాలి. చివరకు పీడీఎఫ్‌గా మార్చి, ఇంటిపేరు, సంవత్సరంతో ఫైలుకు పేరు పెట్టాలి. "ఫైనల్ న్యూ 2" అనేది పేరు కాదు.

ఎక్కడ పెట్టాలి? మీ విశ్వవిద్యాలయానికి రిపాజిటరీ ఉంటే అందులోనే. లేకపోతే, జర్నల్ నియమం ఒప్పుకుంటే, ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో అనే రిపాజిటరీలో. శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారం సిద్ధాంత గ్రంథాలకు ఉద్దేశించినది, విడి వ్యాసాలకు కాదు. రీసెర్చ్‌గేట్ ఒక వ్యాపార సంస్థ. దానిపై 2017లో ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ అనే ప్రచురణ సంస్థలు జర్మనీలో కోర్టుకెక్కాయి, 2023లో రాజీ కుదిరింది. అక్కడ ఖాతా ఉంచుకోండి, ఫైలుకు బదులు రిపాజిటరీ లింకు ఇవ్వండి. అంతకుమించి అక్కడ పనిలేదు.

జెనోడో ఫారంలో లైసెన్సు గడి ముందే సీసీ బై (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు) అని నిండి ఉంటుంది. దానిని అలాగే వదిలేస్తే మీ దగ్గర లేని హక్కును ఇతరులకు ఇచ్చినట్లవుతుంది. ఉదాహరణకు, ఎల్సెవియర్ తన చందా జర్నళ్ల మాన్యుస్క్రిప్టులకు సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ లైసెన్సునే (వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచకూడదు) కోరుతుంది. ఆంక్ష గడువు, అంటే ప్రతిని బయటపెట్టకుండా ఆగవలసిన కాలం, కూడా జర్నల్‌ను బట్టి మారుతుంది. స్ప్రింగర్ చందా జర్నళ్లలో రిపాజిటరీకి ఇది సాధారణంగా 12 నెలలు, మరికొన్ని చోట్ల 24 నెలల వరకు ఉంటుంది. గడువు తీరేదాకా ఆగి మరచిపోవడం కంటే, ఇప్పుడే ఫైలు ఎక్కించి, తెరుచుకోవలసిన తేదీ నమోదు చేయడమే సరైన పద్ధతి. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్టీ) నిధులతో చేసిన పరిశోధనకయితే ఆ రెండు విభాగాల 2014 డిసెంబరు విధానం, వ్యాసం అంగీకారం పొందిన రెండు వారాలలోపే ప్రతిని జమ చేయమంటోంది.

అంతా అయ్యాక, లాగిన్ లేని వేరే బ్రౌజరులో లింకు తెరిచి చూడండి. గడువు ఇంకా ఉంటే శీర్షిక, సారాంశం మాత్రమే కనిపించాలి. పూర్తి పీడీఎఫ్ దిగిందంటే తేదీ తప్పు పడిందన్నమాట, వెంటనే సరిచేయండి.