పెళ్లి షూట్‌కు బయలుదేరే ముందు: శనక్కాయలు పడని బిడ్డ ఇంట్లో ఉంటే

అనంతపురంలో దోశ చట్నీ నుంచి చిక్కీ దాకా శనక్కాయలే. మా బాబుకు ప్రాణం మీదికి తెచ్చేవి అవే. ముహూర్తం తెల్లవారుజామున ఉన్నా, ఇవి చూసుకోకుండా నేను కెమెరా బ్యాగు ఎత్తను.

– డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ పెన్ (అలర్జీ ముదిరితే వెంటనే వేసే, పెన్నులాంటి ఇంజెక్షన్) బాబు దగ్గరే ఉండాలి, నా బ్యాగులో కాదు. గడువు తేదీ చూడండి. ఎండలో నిలిపిన కారులో పెట్టొద్దు, ఫ్రిజ్‌లోనూ వద్దు.

– బాబును చూసుకునే అమ్మమ్మతో డమ్మీ పెన్‌తో (సూది, మందు లేని నమూనా) ఒకసారి చేయించండి: తొడ బయటివైపు కండలోకి. ఊపిరి అందకపోయినా, గొంతు బిగుసుకున్నా వెంటనే వేయాలి, ఆపైన 108కి ఫోన్. నాకు ఫోన్ ఆ తర్వాతే. అలర్జీ సిరప్ పోసి చూద్దామని ఆగొద్దు, దీనికి అది బదులు కాదు. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు.

– బాబు తిండి ఇంటి డబ్బాలోదే. పెళ్లి లడ్డూ ఇంటికి తేవద్దు.

– ఫోన్ వస్తే తాళి కట్టే వేళైనా వెళ్లిపోతానని సెకండ్ షూటర్‌కూ, పెళ్లివారికీ బుకింగ్ రోజే చెప్పండి. చెప్పడానికి మొదట్లో భయపడ్డాను. చెప్పకపోతే టెన్షన్ ఇంకా ఎక్కువ.

– తిరిగొచ్చాక చేతులు, ముఖం సబ్బుతో కడిగి, బట్టలు మార్చాకే ఎత్తుకోండి. శానిటైజర్ చాలదు. కెమెరా పట్టీ కూడా తుడవండి, బాబు దాన్నే మొదట పట్టుకుంటాడు.