చెన్నై ముసురుకు ముందు: కొత్త కెమెరా పక్కన ఏమేం ఉండాలి

మా బావమరిది పెరంబూరులో ఉంటాడు. దసరాకు మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని రకం) కొని, ఆ రాత్రే నాకొక చిట్టా పంపాడు. "బావా, వీటిలో ముందు ఏవి కొనమంటారు?" చిట్టాలో ఇంకో లెన్సు ఉంది, రంగులు మార్చే లైటు ఉంది, చేయి వణికినా కెమెరాను నిలకడగా పట్టే గింబల్ ఉంది, చూడముచ్చటైన తోలు కేసు ఉంది. నాలుగూ కొట్టేసి పైన మూడు రాశాను: మూత బిగుతుగా పట్టే డబ్బా, సిలికా జెల్, గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు. "కెమెరా గురించి అడిగితే ఊరగాయ పెట్టే సామాను చెబుతున్నారేమిటి?" అన్నాడు.

నేను మాట మార్చుకోలేదు. హైదరాబాదులో ఉన్న వాళ్లకు జూన్ నుంచి వానలు. మనకు మద్రాసులో అసలు వాన అక్టోబరు మూడో వారం తర్వాత, ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు కురిస్తే అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. ఈ మూడు నెలల్లో కెమెరా మీద నేరుగా పడే వాన కంటే ఇంట్లో బీరువాలో నిశ్శబ్దంగా పనిచేసే చెమ్మ ఎక్కువ నష్టం చేస్తుంది. వాన పడితే మనం కంగారుపడి తుడుస్తాం. చెమ్మను ఎవరూ పట్టించుకోరు.

నేనూ పట్టించుకోలేదు. నా దగ్గర ఒక పాత 50 మిల్లీమీటర్ల లెన్సు ఉండేది. దాన్ని తోలు కేసులో పెట్టి, పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన, బీరువాలో భద్రంగా దాచాను. రెండు తుఫానులు వచ్చి వెళ్లాయి. సంక్రాంతికి తీసి, వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే లోపలి గాజు మీద ఒక మూల నుంచి పక్షి ఈక విప్పినట్టు సన్నటి తెల్లని గీతలు. బూజు. బాగుచేసే ఆయన దాన్ని విప్పి తుడిచి, "మరక పోయింది సార్, పూత మాత్రం తిరిగి రాదు" అన్నాడు. ఈ బూజు పెరిగేటప్పుడు వదిలే ఆమ్లం గాజు మీది పూతను తినేస్తుంది. వెలుగుకు ఎదురుగా తీసిన ప్రతి ఫోటోలో ఆ లెన్సు ఇప్పటికీ పాలు కలిపినట్టు చూపిస్తుంది. నా జాగ్రత్తే నాకు శత్రువైంది: తోలు తేమను పట్టి ఉంచుతుంది, చీకటి బూజుకు హాయి, కలరా ఉండల దగ్గర కెమెరా ఉంచవద్దని తయారీదారుల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ ఎవరు చదువుతారు!

అందుకే మొదటి ఖర్చు డబ్బా మీద. మూతకు రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు, వంటింట్లో పప్పులు పోసుకునే పెద్దది అయినా సరే. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు పిలుపు పంపినట్టే. అలాగని 30 కంటే దిగనివ్వకూడదు, రబ్బరు భాగాలు, లెన్సు లోపలి గ్రీజు ఎండిపోతాయి. చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలను దాచుకుని వాడేవాళ్లున్నారు. అవి మన చేతికి వచ్చేసరికే తేమ తాగి కడుపు నిండి ఉంటాయి. రంగు మారే సిలికా జెల్ విడిగా కొని, పల్చటి గుడ్డ సంచిలో పోయండి. నీలం రకం తడిసితే గులాబీ రంగుకు తిరుగుతుంది, కానీ దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. ఇంట్లో పిల్లలుంటే నారింజ రంగు నుంచి ముదురు ఆకుపచ్చకు మారే రకం తీసుకోండి. రంగు మారాక సుమారు 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. వంటకు వాడే గిన్నెలో మాత్రం వేయించకండి. బియ్యంలో పెట్టడం అసలే వద్దు, ఆ పిండి సందుల్లోకి పోతుంది.

డబ్బు ఉంటే కరెంటుతో నడుస్తూ లోపలి తేమను తీసేసే పెట్టె, డ్రై క్యాబినెట్, మంచిదే. అయితే మన ఊరి సంగతి మరవకూడదు. 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని డ్రై క్యాబినెట్ వట్టి గాజు తలుపుల బీరువా. అందులో కూడా ఒక సిలికా సంచి వేసి ఉంచండి. ఇంకొకటి, కింది అంతస్తులో ఉండేవాళ్లు దాన్ని నేల మీద పెట్టవద్దు. 2015 డిసెంబరు వరదల్లో అడయారు పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై మునిగినప్పుడు ముందుగా పోయినవి నేల మీది సామానులే. అటక మీద కూడా కాదు, అక్కడ వేడి ఎక్కువ. ఛాతీ ఎత్తులో ఉన్న బీరువా అర సరిపోతుంది.

రెండోది ఏసీ. వాన కంటే ఇది నన్ను ఎక్కువసార్లు దెబ్బ తీసింది. కాసిమేడు చేపల రేవులో తెల్లవారుజామున పడవలు రావడం తీద్దామని ఒక నవంబరులో వెళ్లాను. దారంతా కారులో చల్లగా కూర్చుని దిగి, కెమెరా కంటికి ఆనించాను. ముందంతా తెలుపు. లెన్సు తుడిచాను, రెండు క్షణాల్లో మళ్లీ మసక. ఇంకోసారి తుడిచాను. వ్యూఫైండర్ అద్దం కూడా చెమర్చింది. గంపలు దిగాయి, వేలం అరుపులు వినబడుతున్నాయి, నేను చొక్కా అంచుతో గాజు తుడుస్తూ నిలబడ్డాను. బయట 28 డిగ్రీలు ఉండి, తేమ 85 శాతం ఉంటే, 25 డిగ్రీలకు తక్కువగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని ఆవిరి నీరై కూర్చుంటుంది. మన ఏసీ గదులు 22, 24లో ఉంటాయి. లెక్క అంతే.

దీనికి మందు చాలా చవక: పెద్ద జిప్ కవరు. చల్లని గదిలో ఉండగానే కెమెరాను అందులో వేసి, గాలి పిండేసి మూయండి. బయటికి వచ్చాక అరగంట అలాగే ఉంచితే నీరు కవరు పైన పడుతుంది, కెమెరా మీద పడదు. మసక పట్టి ఉండగా లెన్సు విప్పకండి, ఆ ఆవిరే లోపల ఫోటోను పట్టే సెన్సర్ మీద కూర్చుంటుంది. నేనిప్పుడు తెల్లవారి వెళ్లాలంటే ముందు రాత్రి కెమెరాను ఏసీ లేని హాలులో పెడతాను, డబ్బాలోనే.

వాన కవరు సంగతి. "బావా, దీనికి నీళ్ల నుంచి రక్షణ ఉందని రాశారు" అని బావమరిది పెట్టె చూపించాడు. రక్షణ అంటే సందుల్లో రబ్బరు పట్టీలు ఉన్నాయని, ముంచవచ్చని కాదు. చాలా కంపెనీలు ఎంత నీటికి తట్టుకుంటుందో అంకె ఇవ్వవు. ఓఎం సిస్టమ్ ఓఎం-1 లాంటి కొన్నింటికే ఐపీ53 అని (దుమ్ము, నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) రాసి ఇచ్చారు, అదీ తగిన లెన్సు తగిలిస్తేనే. కెమెరా శరీరానికి రబ్బరు ఉన్నా, దానితో పాటు వచ్చే కిట్ లెన్సుకు తరచుగా ఉండదు. లెన్సు వెనుక లోహపు అంచు చుట్టూ సన్నని రబ్బరు ఉంగరం ఉందో లేదో వేలితో తడిమి చూడండి. నీళ్లు దూరితే వారంటీ సాధారణంగా వర్తించదు. కాబట్టి ఒక వాన కవరు కొనండి, లేదంటే హోటల్లో ఇచ్చే స్నానపు టోపీని జేబులో వేసుకోండి. హఠాత్తుగా జల్లు పట్టుకున్నప్పుడు కెమెరా మీద దానంత వేగంగా కూర్చునేది లేదు. లెన్సు హుడ్ ఎప్పుడూ తగిలించే ఉంచండి, చాలా చినుకులు గాజు దాకా రావు. పైన ఫ్లాష్ తగిలించే చోట ఉండే చిన్న ప్లాస్టిక్ మూతను పారేయకండి, కింద ఉన్నవన్నీ కరెంటు తాకే లోహపు బిందువులే.

మెరీనాకో, శాంతోమ్‌కో, ఎన్నూరుకో వెళ్లి వచ్చిన రోజున ఉప్పు సంగతి విడిగా చూడాలి. సముద్రపు గాలి తుంపర ఎండాక గాజు మీద ఉప్పు పలుకులుగా మిగులుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి, తర్వాత మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా ఒళ్లు తుడవండి, ఆ తర్వాతే పొడిగుడ్డ. ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడిగి, విప్పి ఆరబెట్టండి. ఇసుక మరలలో మిగిలితే మరుసటి నెల కాలు బయటికి రాదు.

బ్లోయర్ అన్నాను కదా, మిర్రర్‌లెస్ వాళ్లకు అది తప్పనిసరి. అద్దం ఉండే పాత రకం, డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు విప్పితే ముందు అద్దం, దాని వెనుక వెలుగును ఆపే తెర, అంటే షట్టర్, అంతా దాటి సెన్సర్. నికాన్ పాత ఎఫ్ మౌంటు (లెన్సు బిగించే చోటు)లో లెన్సు అంచు నుంచి సెన్సర్‌కు 46.5 మిల్లీమీటర్లు, ఇప్పటి జెడ్ మౌంటులో 16. అద్దం లేదు, షట్టర్ కూడా చాలా కెమెరాల్లో తెరిచే ఉంటుంది. వీధి తలుపు తీస్తే నేరుగా పడకగదే. కెనాన్, సోనీ, నికాన్‌లలో కొన్ని నమూనాలకు స్విచ్ ఆపితే షట్టర్ గానీ, సెన్సర్ ముందు రక్షణ తెర గానీ మూసుకునే ఏర్పాటు ఉంది, మీ మెనూలో వెతికి పెట్టుకోండి. లెన్సు మార్చేటప్పుడు స్విచ్ ఆపి, కెమెరా నోరు నేల వైపు ఉంచి మార్చండి. నోటితో ఊదవద్దు, ఉమ్మి చుక్క పడితే బ్లోయర్‌తో పోదు. కంప్యూటర్లకు కొట్టే గాలి డబ్బా అంతకంటే ప్రమాదం. మూసిన షట్టర్ రేకులను వేలితో తాకవద్దు, కాగితం కంటే పలుచన. తడి పుల్లలతో సెన్సర్ తుడిచే పని మొదటి ఏడాదిలో మీరు చేయకండి, తెలిసిన వాళ్లకు ఇవ్వండి.

ఇక బ్యాటరీ. మిర్రర్‌లెస్‌లో కంటికి కనిపించేదంతా చిన్న టీవీయే కాబట్టి మీరు ఫోటో తీయకుండా చూస్తున్నా కరెంటు ఖర్చవుతుంది. ప్రామాణిక పరీక్షలో డీఎస్ఎల్ఆర్ అయిన నికాన్ డీ850 ఒక ఛార్జికి 1,840 ఫోటోలు తీస్తే, మిర్రర్‌లెస్ అయిన సోనీ తొలి ఏ7 340 తీసింది. కొత్తవి మెరుగే, కానీ ఒక్క బ్యాటరీతో పళ్లికరణై చిత్తడి నేలలో పక్షుల కోసం కూర్చుంటే పదింటికల్లా ఇంటికే. ఒక అదనపు బ్యాటరీ, అదీ కెమెరా కంపెనీదే లేదా నమ్మకమైన పేరున్నది కొనండి. ఉబ్బిన బ్యాటరీ కెమెరాలో ఇరుక్కుంటే దాన్ని లాగడం పంటి నొప్పి లాంటిది. తుఫాను హెచ్చరిక రాగానే ఫోనుతో పాటు వీటినీ నింపండి. టైప్-సీ పోర్టు ఉన్న చాలా కెమెరాలను పీడీ (ఎక్కువ కరెంటు ఇచ్చే రకం) పవర్ బ్యాంకుతో నింపుకోవచ్చు, కానీ వానలో నిలబడి ఆ రబ్బరు మూత తెరవకండి.

మెమరీ కార్డు మీద ఉండే పెద్ద అంకె కంటే 'వీ' పక్కన ఉన్న అంకె చూడండి. వీ30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని. మామూలు ఫోర్‌కే వీడియోకు అది చాలు. వీ90 మీద పెట్టే డబ్బుతో రెండు వీ30 కార్డులు వస్తాయి. పెద్దది ఒకటి కాకుండా మధ్యరకం రెండు తీసుకోండి, ఒకటి పాడైనా పెళ్లి సగమైనా మిగులుతుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీటులోనైనా ఆన్‌లైన్‌లోనైనా బిల్లుతో కొని, ఇంటికి రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాముతో కార్డును నిండా రాయించి చదివించండి. నకిలీ కార్డు గుట్టు అప్పుడే బయటపడుతుంది.

ఫిల్టర్ మీద పెద్ద వాదాలున్నాయి. నా అభిప్రాయం: మామూలు రోజుల్లో అక్కరలేదు, సముద్రపు తుంపరలో, దీపావళి నిప్పురవ్వల దగ్గర మంచి పారదర్శక ఫిల్టర్ ఉండాలి. వానాకాలానికి నిజంగా ఉపయోగపడేది పోలరైజర్. తడి ఆకుల మీది, తడి రోడ్డు మీది మెరుపును కోసేసి అసలు రంగు చూపిస్తుంది. ట్రైపాడ్, సంచి ఇప్పుడే కొనకపోయినా కొంప మునగదు. సంచి తడిస్తే మాత్రం కెమెరాను అందులో రాత్రంతా ఉంచకండి.

ఇన్ని చేసినా నీళ్లలో పడిందనుకోండి. స్విచ్ ఆపి బ్యాటరీ, కార్డు తీసేయండి. పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ వేయకండి, ఎక్కువ కెమెరాలు చచ్చేది ఆ ఆత్రానికే. జుట్టు ఆరబెట్టే యంత్రం వద్దు. పైన తుడిచి సర్వీసుకు తీసుకెళ్లండి, ఉప్పునీళ్లయితే ఆ రోజే.

మొన్న ఆదివారం బావమరిది ఫోటో పంపాడు. పారదర్శకమైన డబ్బా, లోపల కెమెరా, మీటరు మీద 44. నెలకోసారి తీసి నాలుగు ఫోటోలు కొట్టి మళ్లీ పెట్టమని చెప్పాను, షట్టర్‌కూ మంచిది, బూజు ఉందేమో చూసినట్టూ అవుతుంది. సాయంత్రం మా అత్తగారు ఫోను చేశారు. కందిపప్పు పోసుకునే పెద్ద డబ్బా కనిపించడం లేదట, నాకేమైనా తెలుసా అని అడిగారు.